మీ ప్రశ్న – మా జవాబు: మీట నొక్కిన ఎలుక ఏం చెబుతోంది?

విశాఖ నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు మత్తు గురించీ, ఆగని తిండి గురించీ, వాటి మీద ఎలుకలతో చేసిన ప్రయోగాల గురించీ ఉన్నాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం వాటికే ఇచ్చాం.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. గంజాయి తాగుతున్నాడని ఈమధ్యే తెలిసింది. మానేయరా అంటే ఫోన్లో ఒక వీడియో చూపిస్తాడు. అందులో ఎలుక చచ్చిపోయేదాకా మత్తు కోసం మీట నొక్కుతూనే ఉంటుందట. "దానివల్లే కాలేదు, నావల్ల ఏమవుతుందమ్మా" అంటున్నాడు. అది నిజమేనా?
– ఒక తల్లి, గాజువాక

జవాబు: ప్రయోగం నిజమేనమ్మా. మీ అబ్బాయి దాన్నుంచి తీసిన అర్థమే తప్పు.

మీరు చెప్పినదానికి దగ్గరగా ఉన్నది 1985లో బోజార్త్, వైజ్ అనే పరిశోధకులు ప్రచురించిన ఫలితం. ఎలుక సిరలోకి సన్నటి గొట్టం అమర్చారు. మీట నొక్కితే కొకైన్ నేరుగా రక్తంలోకి వెళ్తుంది. రోజుకు 24 గంటలూ, 30 రోజుల పాటు, అడ్డూ అదుపూ లేకుండా. కొకైన్ గుంపులో 90 శాతం ఎలుకలు చనిపోయాయి, హెరాయిన్ గుంపులో 36 శాతం. ఇప్పుడు ఆ బోనులోకి ఒకసారి చూడండి. ఎలుక ఒక్కతే ఉంది. పక్కన తిండి, నీళ్లు ఉన్నాయి. అవి కాక చేయడానికి ఉన్న పని ఆ మీట నొక్కడమే.

బోను మార్చితే ఎలుక కూడా మారింది. 1998లో సెర్జ్ అహ్మద్, జార్జ్ కూబ్ కొన్ని ఎలుకలకు రోజుకు గంటసేపు, మరికొన్నిటికి 6 గంటలు కొకైన్ మీట అందుబాటులో ఉంచారు. గంట ఎలుకలు వారాల తరబడి ఒకే మోతాదు దగ్గర నిలబడ్డాయి. 6 గంటల ఎలుకలు రోజురోజుకూ పెంచుకుంటూ పోయాయి. మత్తు అదే, తేడా గంటల్లోనే. 2007లో అహ్మద్ బృందమే ఫ్రాన్స్‌లోని బోర్డోలో రెండు మీటలు పెట్టింది. ఒకటి నొక్కితే కొకైన్, రెండోది నొక్కితే సాకరిన్ కలిపిన తియ్యటి నీళ్లు. 94 శాతం ఎలుకలు తీపివైపే వెళ్లాయి. 2018లో అమెరికాలో మార్కో వెనీరో, యావిన్ షహమ్ బృందం రెండో మీటకు తలుపు బిగించింది. నొక్కితే అవతల మరో ఎలుక కనిపిస్తుంది, కాసేపు కలిసి ఉండొచ్చు. మెథాంఫెటమిన్ అనే మత్తుమందుకి బాగా అలవాటు పడిన ఎలుకలు కూడా దాదాపు ప్రతిసారీ తోడునే ఎంచుకున్నాయి. ఆ తోడు దొరకడం ఆలస్యం చేస్తే మాత్రం మళ్లీ మత్తు మీట వైపు మళ్లాయి. ఈ చివరి సంగతి ఇంట్లో పెద్దవాళ్లు మనసులో పెట్టుకోవాలి.

వీటిని చూసి 1970ల చివర్లో కెనడాలో బ్రూస్ అలెగ్జాండర్ చేసిన 'ర్యాట్ పార్క్' ప్రయోగాన్ని వేదంలా వల్లించేవాళ్లూ ఉన్నారు. మామూలు బోనుకు 200 రెట్లు పెద్ద ఆవరణలో, తోటి ఎలుకలతో కలిసి ఉన్నవి మార్ఫిన్ నీళ్లు చాలా తక్కువ తాగాయన్నది దాని సారం. తర్వాత ఇతరులు చేసినప్పుడు అదే ఫలితం ప్రతిసారీ రాలేదు. అందుకే మేం దానికన్నా 2007, 2018 ప్రయోగాల మీదే ఎక్కువ ఆనుకుంటాం.

ఇంకొకటి. గంజాయిలో మత్తునిచ్చే పదార్థమైన టీహెచ్‌సీ కోసం ఎలుకలు అంత సులువుగా మీట నొక్కవు. స్క్విరల్ కోతులు నొక్కుతాయని 2000లో తేలింది. కాబట్టి కొకైన్ వీడియో చూపించి గంజాయి మానలేనంటే లెక్క కుదరదు. గంజాయి మంచిదేనని కాదు, ఆ వయసులో అది జ్ఞాపకశక్తికీ చదువుకీ చేటే. రోజూ తాగేవాడు ఆపితే మొదటి వారం చిరాకు, నిద్రలేమి, ఆకలి మందగించడం ఉంటాయి. రెండు వారాలకు చాలావరకు సర్దుకుంటాయి. ఈ మాట వాడికి ముందే చెప్పండి. ఏం జరుగుతుందో తెలిసినవాడు మూడో రోజు బెదిరిపోడు. గదిలో పెట్టి తాళం వేస్తే మీరు తయారుచేసేది ఆ 1985 నాటి బోనే. సాయంత్రం ఆరింటి నుంచి తొమ్మిదింటిదాకా వాడు ఎవరితో ఉంటాడు, ఏం చేస్తాడు అన్నదే మీరిద్దరూ కూర్చుని తేల్చుకోవాల్సింది.

ప్రశ్న: మా వీధిలో తాగేవాళ్లు చాలామంది ఉన్నా, తాగుడుకి బానిసలయ్యేది కొందరే. ఎలుకల్లోనూ అంతేనా?
– ఒక పాఠకుడు, డాబాగార్డెన్స్

జవాబు: అంతే. 2004లో బోర్డోలోనే దెరోష్-గామొనే, పియాజ్జా బృందం ఎలుకలకు మూడు నెలలు కొకైన్ అందించి మూడు పరీక్షలు పెట్టింది. మత్తు రాదని దీపం చెబుతున్నా నొక్కుతుందా? ఒక్క డోసు కోసం ఎన్నిసార్లు నొక్కడానికి సిద్ధపడుతుంది? కాళ్లకు షాక్ తగులుతున్నా నొక్కుతుందా? మూడింటిలోనూ పట్టుబడినవి 17 శాతం. అన్నీ తీసుకున్న మోతాదు ఇంచుమించు ఒక్కటే. మన దేశంలో 2019లో వెలువడిన జాతీయ సర్వేలో మద్యం తాగేవాళ్లు సుమారు 16 కోట్లు, దానికి బానిసలైనవాళ్లు సుమారు 2.9 కోట్లు. రెండు నిష్పత్తులూ దగ్గరగా రావడం కాకతాళీయమే, దాని మీద సిద్ధాంతాలు కట్టొద్దు.

ప్రశ్న: ఎం.ఫార్మసీ ఫార్మకాలజీ చదువుతున్నాను. ఆగని తిండి మీద ఎలుకలతో ప్రాజెక్టు చేయాలని ఉంది. మాడుగుల హల్వా, జీడిపప్పు పాకం, చేగోడీలు పెట్టి 'కెఫెటేరియా డైట్' (ఎలుకలకు మనుషులు తినే రుచికరమైన తిండి పెట్టే పద్ధతి) చేద్దామనుకుంటున్నాను. మా గైడ్ గారు ఇంకా ఏమీ చెప్పలేదు. పనిలో పనిగా మద్యానికి వాడే రెండు సీసాల పద్ధతి కూడా చెప్పగలరు.
– విద్యార్థిని, మద్దిలపాలెం

జవాబు: ఆలోచన బాగుంది, మెనూ బాగోలేదు. దుకాణంలో కొన్న హల్వాలో నెయ్యి, చక్కెర పాళ్లు వాయికీ వాయికీ మారతాయి. ఎలుక ఎన్ని క్యాలరీలు తిన్నదో మీరు చెప్పలేకపోతే థీసిస్‌లో మిగిలేది ఎలుక బరువు ఒక్కటే. చేగోడీల్లో కారం ఉంటుంది, వద్దు. స్క్లఫాని 1976లో ఈ పద్ధతిని వాడుకలోకి తెచ్చినప్పుడు సూపర్‌మార్కెట్ తిండే వాడారు. మీరు కూడా వాడాలనుకుంటే ప్యాకెట్ మీద పోషక విలువలు అచ్చయిన బిస్కెట్లు, కేకులు ఎంచుకుని, ఒకే బ్యాచ్ సరుకు మొత్తం ప్రాజెక్టుకు సరిపడా ముందే కొనిపెట్టుకోండి.

అసలు మా సలహా వేరే. రెబెకా కార్విన్ రూపొందించిన పద్ధతి చేయండి. ఖర్చు తక్కువ, ఎలుకను ఆకలితో మాడ్చే పని లేదు. కావాల్సింది వనస్పతి, అంటే మనం డాల్డా అని పిలిచేదే. మూడు గుంపులు చేయండి. మొదటి దానికి మామూలు పెల్లెట్ మేత మాత్రమే. రెండో దానికి మేతతో పాటు రోజూ ఒక గంట వనస్పతి. మూడో దానికి సోమ, బుధ, శుక్రవారాల్లో మాత్రమే ఆ గంట. మేత, నీళ్లు అన్ని గుంపులకీ అన్ని వేళలా ఉండాలి. గంట ఎప్పుడంటే, దీపాలు ఆరడానికి రెండు గంటల ముందు మొదలుపెట్టాలి. గుంపులు విడదీయక ముందు ఒక రాత్రంతా అన్నిటికీ వనస్పతి రుచి చూపించి, తిన్న మోతాదునూ శరీర బరువునూ బట్టి సమంగా పంచండి. ఇది చేయకపోతే కొత్త వస్తువంటే భయపడే ఎలుకలన్నీ ఒకే గుంపులో చేరి మొదటి వారం లెక్కలు పాడవుతాయి. నాలుగు నుంచి ఆరు వారాలు నడపండి. మూడో గుంపు ఆ గంటలో తినేది రెండో గుంపును దాటిపోవడం మీ కళ్లతోనే చూస్తారు.

బరువు మాత్రం పెద్దగా తేడా రాకపోవచ్చు. వనస్పతి మీద పడి తిన్న ఎలుక ఆ తర్వాత మేత తగ్గించుకుంటుంది. అందుకే శరీర బరువు ఒక్కటే ఫలితంగా పెట్టుకుంటే 'ఏమీ రాలేదు' అని రాయాల్సి వస్తుంది. గంటలో తిన్న గ్రాములు, 24 గంటల మొత్తం క్యాలరీలు విడివిడిగా రాయండి. వనస్పతికి గ్రాముకు 9 క్యాలరీలు, మేతకు సంచీ మీద రాసిన విలువ.

ఇక విశాఖలో తప్పులు దొర్లేది ఇక్కడ. సముద్రపు గాలికి మేత చెమ్మ పీల్చుకుని బరువు పెరుగుతుంది, ఎలుక తక్కువ తిన్నట్టు కనిపిస్తుంది. ఎలుక లేని ఖాళీ బోనులో ఒక గిన్నెడు మేత, ఒక గిన్నె వనస్పతి పెట్టి, వాటి బరువులో వచ్చిన మార్పును రోజూ సరిచేయండి. గది 18 నుంచి 29 డిగ్రీల మధ్య, తేమ 30 నుంచి 70 శాతం మధ్య ఉండాలన్నది మన నియమావళి. మే నెలలో ఏసీ ఆగితే వనస్పతి కరిగి ఊకలోకి కారుతుంది, బొచ్చుకి అంటుకుంటుంది. అదంతా తిన్నట్టే లెక్కలోకి వస్తుంది. బరువైన గాజు గిన్నె వాడండి, 0.1 గ్రాము చూపే త్రాసు వాడండి, ఊకలో దాచిన ముక్కలు ఏరి తూచండి. కరెంటు పోయినప్పుడు ముల్లు తిరిగే టైమరు కూడా ఆగిపోతుంది. గంట చొప్పున రెండు కోతలు పడితే మీ ఎలుకల రాత్రి రెండు గంటలు ఆలస్యమైనట్టే. దీపాలు ఆరే సమయం మీదే ఆధారపడిన ప్రయోగానికి అది ప్రాణాంతకం. బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు పెట్టించండి.

ఎక్కువ తినడం వేరు, ఆగలేక తినడం వేరు. రెండోది చూపాలంటే ఎలుక నష్టాన్ని లెక్కచేయకుండా తింటోందా అని పరీక్షించాలి. 2010లో జాన్సన్, కెన్నీ ఏం చేశారంటే, బేకన్, సాసేజీ, చీజ్‌కేక్ వంటివి రోజులో చాలాభాగం అందుబాటులో ఉంచిన ఎలుకలకు షాక్‌కు ముందు వెలిగే దీపం చూపించారు. రోజుకు గంట మాత్రమే తిన్నవి దీపం చూడగానే ఆపేశాయి. లావెక్కినవి తింటూనే ఉన్నాయి. మెదడులో డోపమిన్ అనే రసాయనాన్ని అందుకునే డీ2 గ్రాహకాలు వాటిలో తగ్గి ఉన్నాయి. మీ స్థాయికి షాక్ అక్కర్లేదు. సగం చీకటి, సగం వెలుతురు ఉన్న పెట్టెలో తిండిని వెలుతురు వైపు పెట్టండి. ఎలుకకు వెలుతురంటే గిట్టదు. ఏ గుంపు ఎన్ని సెకన్లలో బయటికి వచ్చి తింటుందో కొలవండి, చాలు.

లావు ఎలుకలు కావాలని హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో పెంచిన డబ్ల్యూఎన్ఐఎన్/ఓబీ జాతి వైపు వెళ్లకండి. అది పుట్టుకతో వచ్చిన జన్యు లోపం వల్ల తింటుంది. మీ ప్రశ్న వేళల గురించి. మామూలు విస్టార్ ఎలుకలు చాలు. జంతు నీతి కమిటీకి ఫారం-బి పెట్టి, అనుమతి కాగితం చేతికి వచ్చాకే ఎలుకలు తెప్పించండి. గుంపుకు ఎన్ని ఎలుకలో, ఎందుకన్నో అందులో లెక్కతో చూపాలి.

రెండు సీసాల సంగతి. ఒకదాంట్లో నీళ్లు, ఇంకోదాంట్లో 20 శాతం ఆల్కహాల్. సోమ, బుధ, శుక్రవారాల్లో 24 గంటల చొప్పున. మిగతా రోజులు రెండింటిలోనూ నీళ్లే. ఆల్కహాల్ సీసాను ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు మార్చాలి. లేకపోతే ఎలుకకు నచ్చింది ఆల్కహాలో, ఆ మూలో తెలియదు. ఖాళీ బోనుకు కూడా సీసాలు తగిలించి, ఊరికే కారినది ఎంతో చూడండి. ఉదాహరణకు 350 గ్రాముల ఎలుక సీసాలో 9 మి.లీ. తగ్గింది, ఖాళీ బోనులో 1 మి.లీ. కారింది. అంటే తాగింది 8 మి.లీ. దాన్ని 0.2తో, ఆల్కహాల్ సాంద్రత 0.789తో గుణిస్తే 1.26 గ్రాములు. 0.35 కిలోలతో భాగిస్తే కిలోకు 3.6 గ్రాములు. చాలామంది 0.789 మరిచిపోయి నాలుగో వంతు ఎక్కువ చూపిస్తారు.

ప్రశ్న: వారమంతా స్వీట్లు ముట్టను. ఆదివారం ఒక్క బొబ్బట్టుతో మొదలుపెడితే డబ్బా ఖాళీ అయ్యేదాకా ఆగను. చక్కెర కొకైన్ కన్నా పెద్ద వ్యసనమని విన్నాను. నిజమా?
– గృహిణి, ఎం.వి.పి. కాలనీ

జవాబు: ఆ మాట పైన చెప్పిన సాకరిన్ ప్రయోగాన్ని తిప్పి చదవడం వల్ల పుట్టింది. ఎలుక తీపిని ఎంచుకుంది గనక తీపి కొకైన్ కన్నా ప్రమాదం అనడం సరికాదు.

మీ ఇబ్బందికి దగ్గరగా ఉన్నది ప్రిన్స్‌టన్‌లో బార్ట్ హోబెల్, నికోల్ అవీనా చేసిన పని. రోజూ 12 గంటలు పస్తు పెట్టి, ఆ తర్వాత 12 గంటలు మేతా చక్కెర నీళ్లూ ఇచ్చారు. నెల తర్వాత, మార్ఫిన్ లాంటి మత్తుల పనిని అడ్డుకునే నలోక్సోన్ అనే మందు ఇస్తే ఆ ఎలుకలు పళ్లు కొరికాయి, ముందు కాళ్లు వణికాయి. మార్ఫిన్ ఆపినప్పుడు కనిపించేలాంటి లక్షణాలే. అదే చక్కెర రోజంతా దొరికిన ఎలుకల్లో ఆ లక్షణాలు రాలేదు. పైన విద్యార్థినికి చెప్పిన వనస్పతి ప్రయోగం కూడా ఇదే చెబుతోంది. ఆరు రోజులు బిగబట్టడమే ఆదివారం డబ్బా ఖాళీ చేయిస్తోందని మా అనుమానం.

పొద్దున టిఫిన్ మానకండి. తీపి తినాలనిపిస్తే వారంలో రెండు మూడు రోజులు, భోజనం అయ్యాక, ఒక్కటి ప్లేటులో పెట్టుకుని నలుగురితో కూర్చుని తినండి. డబ్బా వంటింట్లోనే ఉండనివ్వండి. షుగర్ ఉంటే ముందు మీ డాక్టరును అడగాలి. ఎవరూ చూడకుండా తినడం, తిన్నాక కుమిలిపోవడం, వాంతి చేసుకోవడం ఉంటే అది చికిత్స ఉన్న జబ్బు. మానసిక వైద్యుల దగ్గరికి వెళ్లండి, సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ప్రశ్న: మనిషి చేసుకున్న తప్పుకి ఎలుకను హింసించడం ఏం న్యాయం? దాంతో ఒరిగిందేమిటి?
– రిటైర్డ్ ఉపాధ్యాయుడు, భీమిలి

జవాబు: మీ ప్రశ్నను తేలిగ్గా తీసుకోం, మాస్టారూ. ఒరిగింది చెబుతాం. తాగుడు తగ్గించే నాల్ట్రెక్సోన్ ముందు ఎలుకల్లో, కోతుల్లో పనిచేసింది. 1994లో అమెరికాలో మద్యానికి అనుమతి పొందింది. ఇవాళ మన ఊళ్లోనూ రాస్తున్నారు. ఒరగనిదీ ఉంది. రిమోనాబంట్ అనే మందు ఎలుకల్లో తిండినీ మత్తు కోరికనూ తగ్గించింది. 2006లో యూరప్‌లో బరువు తగ్గడానికి అమ్మారు. వాడిన మనుషుల్లో కుంగుబాటు, ఆత్మహత్య ఆలోచనలు రావడంతో 2008లో ఆపేశారు. మనసు కుంగిందని ఎలుక నోరు తెరిచి చెప్పలేదు కదా.

1960 నాటి జంతుహింస నివారణ చట్టం, 1998 నాటి నియమాల కింద కమిటీ అనుమతి లేకుండా ఏ ఎలుక మీదా ప్రయోగం చేయకూడదు. జంతువు లేకుండా అయ్యే పని అలాగే చేయాలి, తప్పనప్పుడు తక్కువ వాటితో, తక్కువ నొప్పితో చేయాలని 1959లో రస్సెల్, బర్చ్ చెప్పిన సూత్రమే దానికి పునాది. మా మట్టుకు మాకు, ఇప్పటికే పదిసార్లు తేలినదాన్ని పట్టా కోసం షాకులు పెట్టి మళ్లీ తేల్చడం తప్పు.

ప్రశ్న: మా తమ్ముడు మత్తు సూదులకు అలవాటు పడ్డాడు. రెండు నెలలు డీ-అడిక్షన్ సెంటర్‌లో ఉండి వారం క్రితం ఇంటికొచ్చాడు. చాలా బాగున్నాడు. ఇక మందులు, డాక్టరు అక్కర్లేదని ఇంట్లో అంటున్నారు. నాకెందుకో భయంగా ఉంది.
– ఒక అక్క, మల్కాపురం

జవాబు: మీ భయమే సరైనది. ఈ వారాలే అన్నిటికన్నా జాగ్రత్తగా ఉండాల్సినవి.

కొకైన్ ఆపేసిన ఎలుకలను 2001లో గ్రిమ్, షహమ్ తదితరులు వేర్వేరు రోజుల్లో పరీక్షించారు. మత్తు ఇవ్వలేదు, దానితో పాటు వచ్చే దీపం, చప్పుడు మాత్రమే. రోజులు గడిచేకొద్దీ నొక్కడం తగ్గుతుందని ఎవరైనా అనుకుంటారు. 60 రోజుల వరకు పెరుగుతూనే పోయింది. ఇంకో ప్రయోగంలో ఒక గదిలో మత్తు అలవాటు చేసి, వేరే గదిలో మీట నొక్కినా ఏమీ రాకుండా చేసి మాన్పించారు. తిరిగి మొదటి గదిలో పెట్టగానే మళ్లీ నొక్కాయి. మీ తమ్ముడు మానింది సెంటర్‌లో. ఇప్పుడు వచ్చింది మొదటి గదికి.

మూడోది అన్నిటికన్నా ముఖ్యం. 1982లో షెపర్డ్ సీగల్ బృందం హెరాయిన్‌కి అలవాటు పడిన ఎలుకలకు పెద్ద డోసు ఇచ్చింది. రోజూ ఇచ్చే గదిలోనే ఇచ్చినవాటిలో 32 శాతం చనిపోయాయి. అదే డోసు కొత్త గదిలో ఇస్తే 64 శాతం. అసలు అలవాటు లేనివాటిలో 96 శాతం. ఒంటికి వచ్చిన తట్టుకునే శక్తి చోటుతోనూ ముడిపడి ఉంటుంది. దానికి తోడు రెండు నెలల విరామంలో ఆ శక్తి చాలావరకు పోతుంది. పాత మోతాదు గుర్తుపెట్టుకుని ఒక్కసారి ఎక్కించుకున్నా ఊపిరి ఆగిపోవచ్చు. ఈ మాట తమ్ముడికి మీరే, ఏకాంతంలో, కోపం లేకుండా చెప్పండి.

మందులు సొంతంగా ఆపొద్దు. బుప్రెనార్ఫిన్ ఇస్తుంటే 'ఒక మత్తు బదులు ఇంకో మత్తు' అనే మాట ఇంట్లో రానివ్వకండి, అది ప్రాణం నిలబెట్టే మందు. నాల్ట్రెక్సోన్ అయితే ఒంట్లో మత్తు పూర్తిగా పోయాక, మామూలుగా 7 నుంచి 10 రోజుల తర్వాతే మొదలుపెడతారు. అది డాక్టరే తేల్చాలి. అతని గదిలో మంచం జరపండి, పరుపు, కర్టెన్లు మార్చండి, సూదులు, స్పూన్లు, దూది వంటివి వెతికి తీసేయండి. ఫోన్ నంబరు మార్పించండి. పనికి వెళ్లే దారిలో పాత అడ్డా ఉంటే దారి మార్చండి. జీతం చేతికొచ్చే రోజు, ఇంట్లో గొడవ జరిగిన రోజు, పాత స్నేహితుడు కనిపించిన రోజు ఎవరో ఒకరు వెంట ఉండండి. చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక చికిత్సాలయంలో గానీ, కేజీహెచ్‌లో మానసిక వైద్య విభాగంలో గానీ చూపించవచ్చు. జాతీయ డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446, మానసిక సాయానికి టెలీ-మానస్ 14416, రెండూ ఉచితం.

ఎప్పుడైనా పిలిచినా లేవకుండా, ఊపిరి చాలా నెమ్మదిగా తీస్తూ, పెదాలు నీలంగా, కనుపాపలు సూదిమొనల్లా కనిపిస్తే నీళ్లు తాగించొద్దు, మజ్జిగ పట్టొద్దు. వెంటనే 108కి ఫోన్ చేసి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకెత్తి ఉంచండి. ఊపిరి ఆగితే నోటితో ఊదండి. వచ్చినవాళ్లకు మత్తు సూది సంగతి దాచకుండా చెప్పండి. నలోక్సోన్ పడితే నిమిషాల్లో ఊపిరి అందుకుంటాడు. కానీ దాని పని 30 నుంచి 90 నిమిషాల్లో అయిపోతుంది, మత్తు అంతకన్నా ఎక్కువసేపు ఉండొచ్చు. అందుకే లేచి కూర్చుని ఇంటికి పోదామన్నా ఆస్పత్రి నుంచి తీసుకురాకండి.